అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల పేర్లలో కనిపించే అమెరికా రాష్ట్రాలకు ఆ పేర్లెలా వచ్చాయి?

ఎక్కువగా మూలవాసుల మాటల నుంచే. టెనెసీ టైటన్స్‌లోని టెనెసీ, తనాసి అనే చెరోకీ ఊరి పేరు. వైకింగ్స్ ఆడే మిన్నెసోటా అసలు ఒక నది. డకోటా భాషలో మబ్బు రంగు నీళ్లని అర్థం. నాకు నచ్చేది టెక్సన్స్ జట్టు పేరులోని టెక్సస్ కథ: కాడో జనం 'మిత్రులు' అనే అర్థంలో వాడిన మాటను స్పెయిన్‌వాళ్లు ఆ ప్రాంతానికే పేరుగా తగిలించేశారు.

ప్యాంథర్స్ కరోలినా మాత్రం రాజుగారి పేరు. 1629లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ ఆ నేలను రాసిచ్చాడు. చార్లెస్‌కు లాటిన్ రూపం కరోలస్. అరిజోనాపై పేచీ ఇంకా తెగలేదు: ఓధామ్ మూలవాసుల భాషలో చిన్న ఊట అని కొందరు, స్పెయిన్ ఉత్తరాన మాట్లాడే బాస్క్ భాషలో మంచి ఓక్ చెట్టని ఇంకొందరు.

న్యూయార్క్‌కు 1664లో యార్క్ డ్యూక్ పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే జెయింట్స్, జెట్స్ రెండింటి సొంత స్టేడియం పక్క రాష్ట్రం న్యూజెర్సీలో ఉంది!