కోసి చేయించుకోవాలా, లాప్రోస్కోపీనా: హెర్నియా ఆపరేషన్ గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు, రెండు ఆస్పత్రుల ఎస్టిమేట్లు చూశాను. ఒకరు కోసి చేస్తామన్నారు, ఇంకొకరు చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే లాప్రోస్కోపీ అన్నారు. మీ షాపు పక్కాయన బెల్టు కట్టుకుంటే చాలన్నాడు. మీ అమ్మేమో ఒంటి మీద కత్తి పడకుండా చూడమంటోంది. తలా ఒక మాట చెబుతుంటే నీకు టెన్షన్ పట్టుకోదూ మరి! నేను డాక్టర్ని కాను. కానీ ప్రభుత్వాస్పత్రి థియేటర్లో సిస్టర్‌గా ఉద్యోగం చేసినన్నాళ్లూ హెర్నియా కేసులు లేని వారం చూడలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, తీరిగ్గా చదువు.

ముందు అసలు సంగతి. పొట్ట ముందుగోడ కండరాలతోనూ, వాటిని అంటుకుని ఉండే గట్టి పొరలతోనూ తయారైంది. అది ఎక్కడ పలచబడితే అక్కణ్నుంచి లోపలి కొవ్వో పేగో ఉబికి వస్తుంది, అదే హెర్నియా. చీలిన టైర్లోంచి ట్యూబు బుడగలా పొడుచుకొస్తుంది చూడు, అలాగన్నమాట. ఆ చీలికను ఏ బిళ్లా, ఏ పసరూ పూడ్చలేవు. బెల్టు కూడా అంతే. కట్టుకున్నంతసేపు అదిమి ఉంచుతుంది, విప్పగానే మళ్లీ మామూలే. ఆపరేషన్‌కు పనికిరాని ఒళ్లు ఉన్న ముసలివాళ్లకు ఇవ్వాల్సిన బెల్టు అది, నీకెందుకు?

మగవాళ్లకు గజ్జల్లోనే ఎక్కువ రావడానికి కారణముంది. తల్లి కడుపులో ఉండగా వృషణాలు పొట్టలోంచి కిందికి దిగే దారి అదే. పుట్టే వేళకు మూసుకుపోవాల్సిన ఆ దారి కొందరిలో పూర్తిగా మూసుకోదు, ఇంకొందరిలో వయసుతోపాటు అక్కడి గోడ బలహీనపడుతుంది. మగవాళ్లలో జీవితకాలం మొత్తంలో నూటికి సుమారు 27 మందికి గజ్జల హెర్నియా వస్తుందని లెక్క. ఆడవాళ్లలో ముగ్గురికి. ఇంతమందికి వచ్చేదాన్ని నువ్వు సంక్రాంతి నుంచి పెళ్లానికి కూడా చెప్పకుండా దాచావంటే ఏమనాలిరా? 45 కిలోల యూరియా బస్తా ఎత్తడం వల్లే వచ్చిందని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. సందు ఎప్పటినుంచో ఉండి ఉంటుంది, బరువో దగ్గో ముక్కడమో దాన్ని బయటపెడుతుంది.

స్కాన్‌లో తేలింది కాబట్టి నీ విషయంలో అనుమానం లేదు గానీ, మన కోస్తాలో బోదకాలు ఉన్న ఊళ్లలో వరిబీజాన్నీ దీన్నీ కలిపేసి మాట్లాడతారు. రెండూ ఒకటి కాదు. హెర్నియా ఉబ్బు గజ్జల్లోంచి దిగుతుంది, పడుకుంటే మామూలుగా లోపలికి పోతుంది, దగ్గితే వేళ్లకు తగులుతుంది. వరిబీజం అంటే వృషణాల తిత్తిలో నీరు చేరడం, అది పడుకున్నా పోదు. మీ షాపుకొచ్చే రైతులెవరైనా అడిగితే ఈ మాట చెప్పు.

ఇప్పుడే చేయించుకోవాలా, సీజను అయ్యాకా అని అడిగావు. దీనికి నిక్కచ్చిగా లెక్కలున్నాయి. పెద్దగా బాధలేని గజ్జల హెర్నియా ఉన్న మగవాళ్లకు ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి ఉంటే ఏమవుతుందని అమెరికాలో పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరికి కూడా ఎమర్జెన్సీ రాలేదు. అయితే ఆ తర్వాత కూడా గమనిస్తే వాళ్లలో నూటికి 68 మంది పదేళ్లలో ఆపరేషన్ చేయించుకున్నారు, ఎక్కువమంది నొప్పి తట్టుకోలేకే. అంటే రేపు పొద్దున్నే పరిగెత్తక్కర్లేదు, అలాగని దానంతటదే పోతుందనీ కూర్చోకూడదు. నీకు సాయంత్రానికి లాగుతున్నట్టు నొప్పి వస్తోందన్నావు, మోటార్‌సైకిల్ ఎక్కితే ఇబ్బందిగా ఉందన్నావు. అలాంటప్పుడు చేయించుకోవడమే మంచిది. ఖరీఫ్ అమ్మకాలు అయ్యాక పెట్టుకో, పడుకుంటే లోపలికి పోతున్నంతవరకూ ఆ నాలుగు వారాలకు ముంచుకుపోయేదేం లేదు.

కానీ ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు. రోజూ లోపలికి పోయేది పోకుండా గట్టిపడి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పుడితే, వాంతులు మొదలైతే, గాలి కూడా కిందికి పోకపోతే, దాని మీది చర్మం ఎర్రబడితే, అప్పుడు అర్ధరాత్రైనా సర్జన్ ఉన్న పెద్దాస్పత్రికే వెళ్లాలి. సందులో చిక్కుకున్న పేగుకు రక్తం ఆగిపోయిందని అర్థం. గంటల్లో పేగు కుళ్లడం మొదలవుతుంది. మీ ఊరి ఆర్‌ఎంపీ నొప్పి ఇంజెక్షన్ చేసి పొద్దున్న చూద్దామంటే వినకు. బలవంతంగా లోపలికి తోయనివ్వకు. దారిలో మంచినీళ్లు కూడా తాగొద్దు.

ఇక ఆపరేషన్ల సంగతి. ఇటలీలోని పాడువాలో బస్సీని అనే సర్జన్ 1880లలో గజ్జల గోడను పొరలు పొరలుగా దారంతో కుట్టి బాగుచేసే పద్ధతి తెచ్చాడు. దాదాపు వందేళ్లు లోకమంతా అదీ, దాన్నుంచి పుట్టినవే నడిచాయి. దూరంగా ఉన్న కండరాలను లాగి కుడితే కుట్టు మీద బిగువు పడుతుంది, నొప్పి ఎక్కువ, కొన్నేళ్లకు మళ్లీ తెగి ఉబ్బు తిరిగొచ్చేవాళ్లూ ఎక్కువే. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో లిచ్టెన్‌స్టెయిన్ అనే సర్జన్, ఆయన బృందం లాగి కుట్టడం మానేసి, బలహీనమైన చోట సన్నని వల (మెష్) వేసి చుట్టూ కుట్టడం మొదలుపెట్టారు. వల కన్నాల్లోకి మన కండ పెరిగి గోడ గట్టిపడుతుంది. నీకు మొదటి ఆస్పత్రివాళ్లు చెప్పింది ఇదే. గజ్జల్లో బెత్తెడు కంటే చిన్న కోత, నడుములో మత్తు సూది. కొన్నిచోట్ల ఆ కాస్త చోటుకే మత్తిచ్చి కూడా చేస్తారు, గుండెజబ్బు ఉన్న ముసలాయనకు అది వరం.

వల అనగానే నువ్వు తుప్పు పడుతుందా అని అడిగావు, నవ్వొచ్చింది. అది పాలీప్రొపిలీన్, అంటే ఒకరకం ప్లాస్టిక్. తుప్పూ పట్టదు, రేపెప్పుడైనా ఎంఆర్‌ఐ తీయించుకోవాల్సొచ్చినా అడ్డు కాదు. దాని గురించి నాకు భలే నచ్చే సంగతొకటుంది. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగాంకర్, పేదవాళ్లు వల ఖరీదు భరించలేకపోతున్నారని, దోమతెర గుడ్డను శుద్ధిచేసి అదే పనికి వాడారు. చాలామంది పెదవి విరిచారు. తర్వాత ఉగాండాలో దోమతెర వలనూ, కంపెనీ వలనూ పక్కపక్కన పెట్టి చూసి 2016లో ఫలితాలు వేస్తే రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రేపు కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి ఫారిన్ మెష్, ప్రీమియం మెష్ అని మూడు రేట్లు చూపిస్తే నువ్వు కంగారుపడి పెద్దది టిక్కు పెడతావు. మామూలు చదును వల చాలా, చాలకపోతే ఎందుకు చాలదు అని సర్జన్నే అడుగు.

వల అసలే వద్దనుకునేవాళ్లకూ దారులున్నాయి. కెనడాలో గోడను పొరలు పొరలుగా కుట్టే షోల్డైస్ పద్ధతి ఉంది. మన పుణెలో డాక్టర్ దేశార్దా రోగి సొంత పొరలోంచే ఒక పట్టీ తీసి గోడకు ఆసరాగా కుట్టే పద్ధతి పెట్టారు. రెండూ మంచివే, కానీ అలవాటైన చెయ్యి ఉంటేనే. చిన్నపిల్లలకైతే ఉబికి వచ్చిన పొర తిత్తిని కట్టేస్తే చాలు, వల వేయరు.

లాప్రోస్కోపీ కూడా వల పద్ధతే, కాకపోతే వెనకనుంచి వేస్తారు. మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ, కండరానికి లోపలివైపు సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు ఉన్న వల పరుస్తారు. పొట్ట సంచిలోకి వెళ్లి చేసేది టాప్, వెళ్లకుండా గోడ పొరల మధ్యనే చేసేది టెప్. మామూలుగా పూర్తి మత్తు కావాలి. మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, పనిలోకి తొందరగా వెళ్లొచ్చు. రెండువైపులా ఉంటే అవే రంధ్రాల్లోంచి రెండూ అయిపోతాయి. ఇదివరకు కోసి చేసినది తిరగబెడితే ఇదే మేలు, ఎందుకంటే పాత మచ్చ జోలికి పోనక్కర్లేదు. ఇబ్బందల్లా, ఇది చేయి తిరగడానికి సర్జన్‌కు చాలా కేసులు పడతాయి. అరుదుగానే అయినా లోపల పేగుకో మూత్రాశయానికో దెబ్బ తగిలితే చిన్న విషయం కాదు. ప్రోస్టేటు తీయించుకున్నవాళ్లకు లోపల అతుకులుండి కష్టమవుతుంది.

నీది కుడివైపు ఒక్కటే, మొదటిసారి. నా మాటగా చెప్పాలంటే నీకు రెండూ సరిపోతాయి. అందుకని ఏ పద్ధతి అని కాకుండా ఎవరి చెయ్యి అని చూడు. ‘సార్, మీరు నెలకు ఎన్ని ఇలాంటివి చేస్తారు, వాటిలో ఎన్ని తిరగబెట్టాయి’ అని మొహమాటపడకుండా అడుగు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు విసుక్కోడు. వారానికి నాలుగు కోత ఆపరేషన్లు చేసే ఆయన దగ్గర కోయించుకోవడం, ఏడాదికి నాలుగు లాప్రోస్కోపీలు చేసే ఆయన దగ్గర రంధ్రాలు పెట్టించుకోవడం కంటే వెయ్యిరెట్లు నయం. హైదరాబాద్‌లో ఎవరో రోబో అన్నారన్నావు. నీలాంటి మామూలు హెర్నియాకు దానివల్ల అదనంగా ఒరిగేదేదీ తేలలేదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

మీ అమ్మ సంగతి వేరు. గర్భసంచి తీయించుకున్న కోత దగ్గర ఉబ్బు ఉందని మాటవరసకి అంది, నువ్వు పట్టించుకోలేదు. పాత కోత మీద వచ్చే హెర్నియా గజ్జలదానంత తేలిక కాదు. సీటీ స్కాన్ తీసి, బరువు తగ్గించి, షుగరు అదుపులోకి తెచ్చాకే చేస్తారు. ఆడవాళ్లకు తొడ మొదట్లో వచ్చేదైతే ఇంకా తొందరగా చూపించాలి, అది చిక్కుకుపోయే ప్రమాదం ఎక్కువ. నీతోపాటే ఆమెనూ తీసుకెళ్లు.

ఆపరేషన్‌కు ముందు నువ్వు చేయాల్సిన పని సిగరెట్ మానడం. ఆపరేషన్ నాటికి కనీసం నెల కావాలి. దగ్గు ఒక్కోటి కొత్త కుట్టు మీద ఒక్కో పోటు, పుండు మానడమూ ఆలస్యమవుతుంది. మలబద్ధకం ఉంటే ముందే చెప్పు. రక్తం పలచనయ్యే మాత్రలు ఎవరైనా వేసుకుంటుంటే డాక్టర్‌కు చెప్పకుండా ఉండకూడదు, సొంతంగా ఆపనూ కూడదు. ముందురోజు రాత్రి ఇంట్లో బ్లేడుతో గీసుకుని మాత్రం వెళ్లకు. కంటికి కనపడని గాట్లు పడి చీముకు దారవుతుంది. అవసరమైతే థియేటర్‌వాళ్లే క్లిప్పర్‌తో తీస్తారు.

తర్వాత సంగతులు. అదే సాయంత్రం లేచి నడవాలి. మంచం దిగేటప్పుడు పక్కకు తిరిగి, మోచేతి మీద ఆనుకుని లే. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా అరచేత్తో కుట్టు మీద గట్టిగా అదిమి పట్టుకో. రాత్రి పడుకునేలోపు మూత్రం రాకపోతే సిస్టర్‌ను పిలువు. రెండో రోజుకో మూడో రోజుకో కింద వృషణాల తిత్తి అంతా నల్లగా, నీలంగా కమిలి వాచిపోవచ్చు, చూసి బెంబేలెత్తొద్దు. లోపల ఊరిన కాస్త రక్తం కిందికి దిగుతుంది, రెండు వారాల్లో పోతుంది. పాత ఉబ్బున్న చోటే గట్టిగా తగిలితే హెర్నియా తిరగబెట్టిందనుకుంటారు, చాలావరకు అది నీరే. కోత కింద మొద్దుబారినట్టుండటం మామూలే. జ్వరం, చీము, పెరిగే నొప్పి మాత్రం మామూలు కాదు, వెంటనే వెళ్లాలి. మూడు నెలలు దాటినా ఎంతో కొంత నొప్పి పదిమందిలో ఒకరికి మిగులుతుంది. అందులో ఎక్కువమందిది భరించగలిగేదే, కానీ నీకు పని సాగకపోతే ఓర్చుకుంటూ కూర్చోకు. దానికీ వైద్యం ఉంది.

పప్పు తింటే చీము పడుతుందని మీ అమ్మ రొట్టె, పాలతో సరిపెడుతుంది, నాకు తెలుసు. పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, అన్నీ తిను, నీళ్లు బాగా తాగు. ముక్కాల్సిన పని రాకూడదు. మోటార్‌సైకిల్ ఒకటి రెండు వారాలకు, అదీ నొప్పి లేకుండా గట్టిగా బ్రేకు తొక్కగలిగితే. షాపులో కూర్చోవడానికి వారం చాలు. బస్తాల జోలికి మాత్రం నీ సర్జన్ సరేననేదాకా పోవద్దు, మన దగ్గర చాలామంది నెలా నెలన్నర చెబుతారు. భార్యతో కలవడానికి దీనివల్ల ఏ లోటూ రాదు, నొప్పి తగ్గాక నీ ఇష్టం.

డబ్బు సంగతి: నీ కార్డు పట్టుకెళ్లి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కలువు. ఏ ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో పథకం కిందికొస్తుందో వాళ్లే చూసి చెబుతారు. ఇన్సూరెన్స్ ఉంటే వెయిటింగ్ పీరియడ్ చూడు, చాలా పాలసీల్లో హెర్నియాకు ఉంటుంది. వల పెట్టె మీద ఉండే స్టిక్కర్ ఒకటి కేస్‌షీట్‌లో అంటిస్తారు. దాని ఫొటో, డిశ్చార్జ్ కాగితం రెండూ దాచిపెట్టు. ఇంకో పదేళ్లకు ఎవరైనా డాక్టర్ లోపల ఏం వేశారని అడిగితే చూపించడానికుంటుంది.

సర్జన్‌ను కలిసే రోజు చెప్పు, ఆ పూట ఫోన్ ఖాళీగా ఉంచుకుంటాను. కోడలికి ఈ ఉత్తరం చదివి వినిపించు, ప్రమాదం లక్షణాలు ఆమెకు కూడా తెలియాలి.

ఇట్లు,
మీ అత్తయ్య