‘అవును, రాలేదు’ అనాలా, ‘లేదు, రాలేదు’ అనాలా?

సందేహం: సింగపూర్‌లో చైనా విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పుతున్నాను. ‘డిడ్‌న్ట్ యు కమ్ ఎస్టర్‌డే?’ అని అడిగితే, రానివాళ్లు ‘యెస్, ఐ డిడ్‌న్ట్’ అంటారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. ‘నిన్న రాలేదా?’ అంటే నేనూ తెలుగులో ‘అవును, రాలేదు’ అంటాను. ఇక్కడే చదువుకున్న మా అబ్బాయి మాత్రం ‘లేదు, రాలేదు’ అంటాడు. తెలుగులో ఏది సరైనది? చైనా పిల్లల పొరపాటుకూ మన అలవాటుకూ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: మీరు అనేదీ సరైనదే, మీ అబ్బాయి అనేదీ తప్పు కాదు. అయితే ఆ రెండింటి వెనుక ఉన్న పద్ధతులు వేరు.

‘అవును’ అనేది ‘అగు’ ధాతువు నుంచి వచ్చిన క్రియ. ‘కాదు’ దానికే వ్యతిరేక రూపం. అందువల్ల ‘అవును’ అన్నప్పుడు మనం చెబుతున్నది ‘మీరన్నది నిజం’ అని మాత్రమే. ఎదుటివారు ‘రాలేదా?’ అన్నప్పుడు వారి మనసులో ఉన్న మాట ‘రాలేదు’ కాబట్టి, దానిని ఒప్పుకొంటూ ‘అవును, రాలేదు’ అంటాం. చైనీయులు చేసేదీ ఇదే. ‘నీ మెయ్ లాయ్ మా?’ (నువ్వు రాలేదా?) అంటే ‘త్వెయ్, మెయ్ లాయ్’ అంటారు; ‘త్వెయ్’ అంటే ‘సరే, నిజమే’ అని. జపనీయులదీ కొరియన్లదీ ఇదే దారి. ఇంగ్లీషు ‘యెస్, నో’లకు అడిగినవారి మాటతో నిమిత్తం లేదు, జవాబుగా వచ్చే వాక్యంలో ‘నాట్’ ఉంటే ‘నో’, లేకపోతే ‘యెస్’. కాబట్టి మీ విద్యార్థులను ‘ముందు పూర్తి వాక్యం మనసులో అనుకోండి, అందులో నాట్ ఉందో లేదో చూసి మొదటి మాట ఎంచుకోండి’ అని అలవాటు చేయించడమే మార్గం.

ఇక మీ అబ్బాయి మాట. ‘లేదు, రాలేదు’లోని ‘లేదు’ ఇంగ్లీషు ‘నో’కు అనువాదంగా వచ్చి ఉండవచ్చు గాని, తెలుగు దానిని తోసిపుచ్చదు, ఎందుకంటే అది ‘రాలేదు’ అనే క్రియలోని చివరి భాగమే. వినేవారికి ఇబ్బంది ఎక్కడంటే, వచ్చినవాడు కూడా ‘లేదు, వచ్చాను’ అనగలడు. అందువల్ల ఒంటి ‘లేదు’తో ఊరుకోకుండా క్రియను కూడా పలకడం మంచిది. ‘కాదు, రాలేదు’ అని మాత్రం, రాని సంగతిని ఒప్పుకొంటూ, ఎవరూ అనరు. అలా వినిపిస్తే అది అనువాదపు తెలుగే.

చైనీస్‌తో మన పోలిక జవాబుల దగ్గర ఆగలేదు. ఇంగ్లీషులో ‘నాట్’ ఒక్కటే చాలావరకు పని నడిపిస్తుంటే, చైనీస్‌లో ముఖ్యంగా రెండు మాటలున్నాయి: ‘పు’, ‘మెయ్’. (రోమన్ లిపిలో మొదటిదానిని ‘బి’తో రాస్తారు గాని, ధ్వని మన పకారానికే దగ్గర.) ఉనికిని, కలిగి ఉండడాన్ని కాదనేది ‘మెయ్’, జరగని పనికీ అదే. ‘డబ్బు లేదు’లో ఉన్న ‘లేదు’నే మనం ‘రాలేదు’లోనూ వాడుతున్నాం, గమనించండి. ‘వో పు లాయ్’ అంటే ‘నేను రాను’, ‘వో మెయ్ లాయ్’ అంటే ‘నేను రాలేదు’. రాను, రావు, రాడు, రాము, రారు అంటూ మన వ్యతిరేక క్రియ మనిషినిబట్టి మారుతుంది. చైనీస్ క్రియ ఎవరికీ మారదు. ఇది ఒక తేడా. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఉనికిని కాదనే మాటతోనే జరగని పనిని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది. ‘పుయావ్’ అనే మాట కూడా అచ్చంగా మన ‘వద్దు’ వంటిదే: ‘కాఫీ వద్దు’ అనడానికీ ‘వెళ్లవద్దు’ అనడానికీ అదే పనికివస్తుంది.

ఈ పోలికను మీరు తరగతిలో వాడుకోవచ్చు. ‘డిడ్ నాట్ కేమ్’ అని రాసే పిల్లలు మీ దగ్గర తప్పక ఉండి ఉంటారు. చైనీస్‌లో ‘వచ్చాడు’ అనడానికి ‘లాయ్ ల’ అంటారు. చివరి ‘ల’ పని పూర్తయిందని చెప్పే గుర్తు. ‘రాలేదు’ అనవలసినప్పుడు ‘మెయ్ లాయ్’ అంటారే గాని, ఆ ‘ల’ను నిలుపుకోరు. మనమూ ‘వచ్చలేదు’ అనం. ‘రా’ అనే మూల రూపానికే ‘లేదు’ చేరుస్తాం. ఇంగ్లీషులో ‘డిడ్ నాట్’ పక్కన ‘కమ్’ మిగలడం కూడా ఇటువంటిదే. ‘మెయ్ వస్తే ల పోతుంది, డిడ్‌న్ట్ వస్తే కేమ్ పోతుంది’ అని చెప్పి చూడండి. వ్యాకరణ పరిభాష కంటే ఇది త్వరగా పట్టుబడుతుంది.

‘నోబడీ డిడ్‌న్ట్ కమ్’ అనే వాక్యానికీ మూలం ఇటువంటిదే. ‘ఎవరూ రాలేదు’లో ‘ఎవరు’ అనే ప్రశ్న పదానికి ‘ఊ’ చేర్చి, వ్యతిరేకతను క్రియకు అప్పగించాం. చైనీస్ ‘షెయ్ తో మెయ్ లాయ్’ కూడా అంతే. ‘షెయ్’ అంటే ‘ఎవరు’. ఇంగ్లీషు ‘నోబడీ’ ఆ వ్యతిరేకతను తానే మోస్తుంది కనుక, క్రియలో మరొకటి పెడితే ప్రామాణికమైన ఇంగ్లీషులో తప్పవుతుంది.

వ్యతిరేకంగా ఉన్న ప్రతి ప్రశ్నకూ ‘అవును’ పొసగదన్నది కూడా మీ అబ్బాయికి చెప్పండి. ఇంటికి వచ్చినవారిని ‘కాఫీ తాగరా?’ అని అడిగితే అది ఆహ్వానమే గాని అనుమానం కాదు. అక్కడ ‘అవును, తాగను’ అంటే పెడసరంగా ఉంటుంది. ‘తాగుతానండీ’ అనో, ‘ఇప్పుడే తాగి వచ్చాను, వద్దండీ’ అనో క్రియతోనే జవాబు చెప్పాలి.