ముప్పై ఏళ్ల వాషింగ్ మిషన్ కింద నీళ్లు కారుతున్నాయి, మెకానిక్ తీసేయమంటున్నాడు. బాగు చేయించవచ్చా?

మీ అమ్మగారు 90ల్లో కొన్న రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్, ఇల్లు విశాఖ లాసన్స్ బే కాలనీలో, ఉతికిన ప్రతిసారీ కింద మడుగు, వచ్చిన మెకానిక్ "దీనికి సామాన్లు దొరకవండి" అన్నాడని రాశారు. తీసేయకండి. పెదవాల్తేరులో మా అత్తయ్యగారి మిషన్‌కీ ఇదే జబ్బు వచ్చింది, మేమూ ఇదే మాట విన్నాం. ఆ మిషన్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ కాలం వాటిలో బోర్డులు, సెన్సర్లు ఉండవు. రెండు మోటార్లు, రెండు టైమర్లు, ఒక బెల్టు, కొన్ని రబ్బరు ముక్కలు, అంతే. నీళ్లు కారుతున్నాయంటే చాలావరకు రబ్బరు అరిగి ఉంటుంది, లేదా ఎక్కడో చెత్త ఇరుక్కుని ఉంటుంది.

విప్పడానికి ముందు కాసేపు చూడండి. నేల మీద నీళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడే కారుతున్నాయని అనుకోవద్దు. అవి అడుగు ఫ్రేము వెంట పాకి, వాటం ఎటుంటే అటు చేరతాయి. ఎక్కడ అన్నదానికంటే ఎప్పుడు కారుతున్నాయో పట్టుకోండి. కరెంటు ప్లగ్గు తీసేసి, ఉతికే టబ్బులో మామూలు నీళ్లు నింపి, కింద పాత పేపర్లు పరిచి, అరగంట వదిలేయండి. పైపు చివర నుంచి సన్నగా ధార వస్తుంటే అది లీకు కాదు, డ్రెయిన్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. చొక్కా గుండీ, పిన్నీసు, దారప్పోగు ఏదో ఒకటి అందులో ఉంటుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ వాల్వు రబ్బరు మీద తెల్లగా సున్నంలా పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి కాసేపు నానబెడితే వదిలిపోతుంది, కత్తితో గీకొద్దు.

ఉతికేటప్పుడు మాత్రమే కారితే లోపల తిరిగే చక్రం కింద సీలు పోయినట్టు. నీళ్లు వదిలినప్పుడే కారితే పైపుకి చిల్లో, క్లిప్పు వదులో. డ్రయ్యర్ తిరిగేటప్పుడు కారితే దాని అడుగున ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు చిరిగి ఉండొచ్చు. కానీ దాన్ని మార్చే ముందు పైపు ఎలా పెట్టారో చూడండి. ఈ మిషన్లలో నీళ్లు బయటికి తోసే పంపు ఉండదు, వాటంగా పోవాల్సిందే. బాత్రూమ్ గట్టు ఎక్కించి పైపు పెడితే నీళ్లు వెనక్కి తన్ని డ్రయ్యర్ అడుగున నిండుతాయి, అక్కడినుంచి కిందికి దిగుతాయి. ఏ రబ్బరూ చెడకపోయినా మడుగు తప్పదు.

మాది ఉతికేటప్పుడు కారే రకం. మీరు రాసినదాన్ని బట్టి మీదీ అదే అనిపిస్తోంది. చక్రం మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది, అది తీస్తే చక్రం పైకి రావాలి. ఏళ్ల తరబడి బిగుసుకుంటే రాదు. అప్పుడు చక్రం అంచు కిందికి ఎదురెదురుగా రెండు నైలాన్ తాళ్లు దూర్చి, రెండూ సమంగా పైకి లాగాలి. స్క్రూడ్రైవరుతో ఒక పక్కే ఎత్తితే టబ్బు ప్లాస్టిక్ పగులుతుంది. చక్రం వచ్చాక అడుగున వెంట్రుకలు, దారాలు, సబ్బు జిడ్డు కలిసి నల్లటి ముద్ద కనిపించింది. అదంతా తుడిస్తే మధ్యలో ఇనుప షాఫ్టు, దాని చుట్టూ నల్ల రబ్బరు సీలు. సీలు పెదవి, అంటే షాఫ్టుకి ఆనే లోపలి అంచు, రాయిలా గట్టిపడిపోయింది. అయితే సంగతి అంతటితో అయిపోలేదు. షాఫ్టు మీద గోరు పెట్టి పైనుంచి కిందికి జారిస్తే సీలు పెదవి ఆనే చోట గోరు టక్కున ఆగింది. అన్నేళ్లూ రబ్బరు, దాని కింద చిక్కిన ఇసుక కలిసి ఇనుము మీద సన్నని గాడి కోసేశాయి.

సీలు మార్చిన మిషన్ కొన్నాళ్లకే మళ్లీ కారడానికి చాలాసార్లు కారణం ఈ గాడే. కొత్త సీలు ఎంత మంచిదైనా దాని పెదవి ఆ గాడిలోనే కూర్చుంటే నీళ్లు ఆగవు. మీ మెకానిక్ ఆ గోరు పరీక్ష చేశాడో లేదో అడగండి. గోరు ఆగకపోతే 600 నంబరు ఎమిరీ పేపరు తడిపి, షాఫ్టు చుట్టూ తిప్పుతూ నున్నగా చేస్తే చాలు. నిలువుగా మాత్రం రుద్దొద్దు, ఆ గీతల వెంటే నీళ్లు దిగుతాయి. గోరు ఆగితే, చోటుంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి కూర్చోబెట్టి, పెదవి అరగని చోట ఆనేలా చూడాలి. గాడి మరీ లోతుగా ఉంటే షాఫ్టు పట్టుకుని ఆటోనగర్ వెళ్లండి. అక్కడి లేత్ పనివాళ్లు అదే కొలతతో స్టెయిన్‌లెస్ స్టీలులో కొత్తది చేసివ్వగలరు.

సామాన్లు దొరకవన్న మాట ఇక్కడే తప్పుతుంది. కంపెనీ పేరు చెప్పి అడిగితే నిజంగానే దొరకదు. కానీ ఈ రబ్బరు సీలుని షాపుల్లో ఆయిల్ సీలు అంటారు, అది ఏ కంపెనీ మిషన్‌దైనా కొలతతోనే అమ్ముతారు. దాని మీద మూడు అంకెలుంటాయి: షాఫ్టు మందం, బయటి వ్యాసం, వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లలో. 12 25 7 అని ఉంటే బేరింగ్ షాపులో ఆ మూడంకెలు చెబితే చాలు. బేరింగులూ అంతే, 6202, 6203 లాంటి నంబరు అంచు మీదే ఉంటుంది. బెల్టు మీద ఎమ్-20 అని ఉంటే అదే దాని పేరు. పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపాయన నేను మిషన్ సంగతి చెప్పబోతే "అదంతా ఎందుకమ్మా, పాత సీలు తెచ్చారా?" అన్నాడు. అంకెలు చూసి డబ్బాలోంచి తీసిచ్చాడు. సీలు ధర కంటే ఆటో ఛార్జీ ఎక్కువైంది.

బిగించేటప్పుడు సీలులో సన్నని స్ప్రింగు కనిపించే వైపు నీళ్లవైపు, అంటే పైకి ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాసి, సీలు సైజుకి సరిపోయే పీవీసీ పైపు ముక్క దానిమీద ఆనించి, చుట్టూ సమంగా తట్టండి. సుత్తితో నేరుగా కొడితే ఒంకరగా దిగుతుంది.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉప్పుగాలి. సముద్రానికి అంత దగ్గర మీ ఇల్లు, అడుగు స్క్రూలు తుప్పుపట్టి తిరక్కపోవచ్చు. మాది 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వానంతా బాల్కనీలోనే తిన్నది, వెనక రేకు స్క్రూలు ఒక్కటీ కదల్లేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి చాలావరకు వచ్చాయి. తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసి, మరలకి గ్రీజు రాయండి.

వెనక రేకు తీసే ముందు ఒక్క జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్లగ్గు తీసినా మోటారు కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉండొచ్చు. దాని కొసలు ముట్టుకోకండి, ఆ పని తెలిసినవాళ్లతో ఖాళీ చేయించండి. కింద తడి ఉండగా మిషన్ ఆన్ చేసి అడుగున చెయ్యి పెట్టడం అసలు వద్దు. ఇనుప బాడీ, తడి నేల, పాత వైరింగు: మూడు పిన్నుల సాకెట్టులో ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే మళ్లీ వాడండి.

టబ్బే పగిలి ఉంటే ఆలోచించాలి. అది సాధారణంగా పాలీప్రొపిలీన్, మామూలు జిగుర్లేవీ దానికి నిలవవు. చిన్న బీటైతే అదే రకం ప్లాస్టిక్ ముక్కతో వేడిమీద అతికేవాళ్లుంటారు. బీటు షాఫ్టు చుట్టూ ఉంటే మాత్రం తిరిగే బరువంతా దానిమీదే పడుతుంది, ఆ అతుకు మీద డబ్బు పెట్టొద్దని నా సలహా.

విప్పిన చేత్తోనే బెల్టూ మార్చేయండి. నీళ్లు పడిన పాత బెల్టు జారుతుంది. సీలు బాగైనా చక్రం నీరసంగా తిరుగుతుంటే, రిపేరే కుదరలేదని మీ అమ్మగారు అనుకుంటారు.