జీలుగు గీస్తానంటున్న మేనల్లుడికి

చిరంజీవి సోమికి,

ఉద్యోగం మానేసి మారేడుమిల్లి దగ్గర కల్లునిచ్చే జీలుగు చెట్లు గీస్తావని, ఆ పులియని నీరాతో బెల్లం వండుతావని మీ అమ్మ చెప్పింది. మన కొండ పని నువ్వు అందుకుంటున్నావని చాలా గర్వంగా ఉంది. టెన్షన్‌తో రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తెల్లవారకముందే కుండ దింపు, ఎండెక్కితే పులిసిపోతుంది. బెల్లానికైతే కుండ లోపల సున్నం పూయి. పండ్లు వట్టి చేత్తో ముట్టుకోకు, ఒళ్లంతా దురద. వానకి మాను తడిస్తే ఎక్కకు. ఎంత నీరా పోయినా సరే, ఎక్కొద్దు. వెదురు నిచ్చెన కట్లు ఎవరు కట్టినా నువ్వే లాగి చూసుకో.

ఇక నా అసలు భయం విను. జీలుగు తాడి లాంటిది కాదురా. తాడి ఏటేటా పూస్తుంది. జీలుగు ఏళ్ల తరబడి ఊరికే పెరిగి, పూత మొదలైందంటే పైనుంచి కిందికి పూగెల తర్వాత పూగెల వేస్తుంది. అట్టడుగు గెలతో దాని ఆయుష్షు తీరిపోతుంది. పిలకలు రావు, గింజ ఒక్కటే దారి. మా నాయన కాలంలో మన వాలులో ఒక్క గెలనీ వదల్లేదు, అన్నీ గీశారు. గీసిన గెల కాయ నిలుపుతుందా? కరువులో మానులు నరికి, లోపలి బెండు దంచి పిండి తీశారు. ఆ అంబలి మీ అమ్మా నేనూ తాగి బతికాం, దానికి వాళ్లని ఒక్క మాటా అనను. కానీ ఆ తర్వాతైనా గింజ నాటాలి కదా! పునుగు పిల్లులు పండ్లు తిని గింజలు అడవంతా చల్లుతాయి. వాటికీ పండు మిగల్చలేదు. ముసలి చెట్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి, కింద మొక్క లేదు. చివరికి మా నాయన కత్తి పట్టుకుని పక్క కొండకి నడిచేవాడు.

అందుకే చెట్టుకో గెల వదిలెయ్యి. ఏది వదలాలో మొదట్లోనే గుర్తు పెట్టు, చివరిదాకా ఆగితే ఆశ పుడుతుంది. పండిన గింజల్ని నీడలో నాటు. నెలలు పడుతుంది, తవ్వి చూడకు. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో మొక్కల సంగతి అడుగు.

నిచ్చెన కట్టే రోజు చెప్పు, వస్తాను. నేను కింద నిలబడేదాకా నువ్వు పైకెక్కొద్దు.

మీ మామయ్య