పాఠకుల ప్రశ్నలు: కయాక్‌లో పగలంతా

ప్ర: సముద్రతీరపు లంకల మధ్య, మడ పాయల్లో గైడ్‌తో ఒక రోజు కయాక్ యాత్రకు పేర్లిచ్చాం. పొద్దున్నే 5.40కి బయలుదేరాలన్నారు. ఏడున్నరకు మార్చమంటే ఒప్పుకోలేదు. రెండు గంటలు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

జ: ఆ సమయాన్ని నిర్ణయించేది గైడ్ కాదు, పోటు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలుంటుంది. నీరు ఎక్కడానికి ఆరు గంటల పైచిలుకు, దిగడానికీ దాదాపు అంతే. అయితే ఆ ఆరు గంటలూ ఒకే వేగంతో దిగదు. మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో 2, ఆఖరి గంటలో 1 భాగం పోతుందని ఒక మోటు లెక్క. తేడా 2.4 మీటర్లయితే నడిమి రెండు గంటల్లోనే 1.2 మీటర్లు దిగిపోతుంది. పొద్దున తేలికగా దాటిన పాయ అప్పటికి బురదే.

పోటు నిండేది 8కి అనుకోండి. 5.40కి బయలుదేరి గంటలో పాయ చేరితే, నీరు జోరుగా దిగడం మొదలయ్యే 10లోపు మూడు గంటలకు పైగా లోపల తిరగవచ్చు. ఏడున్నరకు బయలుదేరితే మిగిలేది గంటన్నర. పైగా కొత్తవాళ్లు నిలకడ నీటిలో గంటకు 4, 5 కిలోమీటర్లు వేస్తారు. ఆగుతూ సాగితే 3 అనుకోవాలి. గంటకు 4 కిలోమీటర్ల ఎదురు ప్రవాహంలో ఎంత తెడ్డు వేసినా దాదాపు ఉన్నచోటే ఉంటారు.

పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి మరో తేదీన మరో సమయం చెబుతారు. తేదీ మీ చేతిలో ఉంటే అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు ఎంచుకోండి. అమావాస్య, పౌర్ణముల దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది.

ప్ర: కయాక్ బురదలో ఇరుక్కుంటే దిగి తోయవచ్చా?

జ: దిగవద్దు. పైకి గట్టిగా కనిపించే ఒండ్రులో కాలు తొడదాకా దిగబడుతుంది. విసురుగా లాగితే మరింత పట్టేస్తుంది. అడుగు రాసుకున్న చప్పుడు వినగానే వచ్చిన దారినే వెనక్కి తెడ్డు వేయండి. మలుపుల్లో సాధారణంగా బయటి ఒడ్డు వైపే లోతు. ఆగిపోతే నడుము అటూ ఇటూ కదుపుతూ తెడ్డు రెక్కను బల్లపరుపుగా బురద మీద ఆనించి నెట్టండి. అంచు గుచ్చి పెకిలించబోతే రెక్క మొదట్లో తెడ్డు విరగవచ్చు. నీరు దిగుతుంటే ప్రతి నిమిషమూ విలువైనదే. వెంటనే గైడ్‌ను పిలవండి. అప్పటికీ కదలకపోతే పడవలోనే కూర్చుని మళ్లీ నీరొచ్చేదాకా ఆగాలి. అందుకు కొన్ని గంటలు పట్టవచ్చు. చెప్పులు కాదు, గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. ఆల్చిప్పలు కత్తుల్లా కోస్తాయి.

ప్ర: నాకు ఈత అంతంత మాత్రం. బోల్తా పడితే?

జ: ముందే గైడ్‌కు చెప్పి, ఇద్దరు కూర్చునే వెడల్పు కయాక్ అడగండి. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. గడ్డం దాటి లేచిందంటే అది వదులు. నీటిలో మొహానికి అడ్డొస్తుంది. నడుము చుట్టూ నీరు రాకుండా కప్పే స్కర్ట్ ఉంటే దాని ముందున్న లాగుడు పట్టీ తప్పనిసరిగా బయటికి కనిపించాలి. లోపలికి మడిచిపెట్టడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. పడ్డాక పడవనూ తెడ్డునూ వదలకండి. గైడ్ మీ పడవ ముక్కును తన పడవ మీదికి లాగి నీరు వంచి, సరిచేసి, కదలకుండా పట్టుకుంటే మీరు మళ్లీ ఎక్కుతారు. బయలుదేరే ముందు ఒడ్డు దగ్గర నడుంలోతు నీటిలో ఇది ఒకసారి చేయించమనండి. కాదంటే ఆ యాత్ర మానుకోవడమే మంచిది.

ప్ర: వెంట ఏమేం ఉండాలి?

జ: మనిషికి 3, 4 లీటర్ల నీళ్లు, టోపీ, త్వరగా ఆరే బట్టలు (నూలు వద్దు, తడిస్తే చలి పుట్టిస్తుంది), విజిల్, తలకు కట్టుకునే దీపం. డ్రై బ్యాగ్‌ను (నీరు చొరని సంచి) నిండా కుక్కితే మూతి మడవడానికి చోటుండదు. కనీసం మూడు మడతలు పడాలి. నీళ్ల సీసాల్లాంటి బరువులన్నీ సీటు దగ్గర, అడుగున సర్దండి.