ట్యాబ్ నొక్కి నొక్కి వేలు లాగేస్తోంది

ప్రశ్న: సార్, మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో స్లాబుల కొలతలు ఎక్కిస్తుంటాను. పొడవు, వెడల్పు కొట్టాక నాలుగు ట్యాబ్‌లు, ఒక ఎంటర్ కొడితేనే తర్వాతి స్లాబు వస్తుంది. రోజుకి 200 స్లాబులు. సాయంత్రానికి వేలు లాగేస్తోంది. ఆ నొక్కుడేదో కంప్యూటరే నొక్కుకోదా? ఇంకోటి, పాత బ్లాకు నంబరు కోసం కింది బాణం పట్టుకుని కూర్చుంటే నత్తలా కదులుతోంది.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, స్లాబుకి ఐదు చొప్పున రోజుకి వెయ్యి నొక్కుళ్లు. వేలు లాగక ఏం చేస్తుంది! ఆటోహాట్‌కీ అని విండోస్‌కి ఉచిత ప్రోగ్రాం ఉంది. నోట్‌ప్యాడ్‌లో ఒక్క వరుస రాస్తే చాలు, ఒక కీ నొక్కగానే నాలుగు ట్యాబ్‌లు, ఎంటర్ అదే కొట్టేస్తుంది. ఆ కీ ఎఫ్8 మాత్రం పెట్టుకోకండి, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో అది సేల్స్ వోచర్. ఎవరూ ముట్టని స్క్రోల్ లాక్ మేలు. నెట్‌లో దొరికే పాత స్క్రిప్టులు (ఇలా రాసిపెట్టిన వరుసలు) 2022 డిసెంబరులో వచ్చిన రెండో వెర్షన్‌లో చాలావరకు నడవవు. కొత్తదాంట్లో పంపే కీలను కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి.

200 స్లాబులకీ ఒకేసారి లూప్ (అదే పని దానంతటదే మళ్లీమళ్లీ చేసేలా) పెట్టేద్దామని మాత్రం అనుకోవద్దు. ఒంగోలులో నేను డీటీపీ సెంటర్ నడిపేరోజుల్లో పెళ్లి కార్డుల చిరునామాలకి అలాగే పెట్టి టీకి వెళ్లాను. కంప్యూటర్ ఎక్కడో ఒక్క క్షణం ఆగింది, ఒక ట్యాబ్ జారింది. అక్కణ్ణించి ఊరి పేరు గళ్లో పిన్‌కోడ్, పిన్‌కోడ్ గళ్లో ఫోన్ నంబరు! 90 చిరునామాలు రాత్రి కూర్చుని మళ్లీ కొట్టాను. మీ దగ్గర జారితే ఒక స్లాబు వెడల్పు ఇంకో స్లాబు కిందికి పోతుంది, బిల్లు తేడా వస్తుంది. కొలతలు మీరే కొట్టండి, కళ్లు వాటిమీదే ఉంచండి. తర్వాత వచ్చే ఐదు నొక్కుళ్లు మాత్రం దానికి వదిలేయండి.

మీ సాఫ్ట్‌వేర్ నిదానమైతే కీలు మింగేస్తుంది. అప్పుడు ఆ వరుసలో కీలు పంపమని చెప్పే సెండ్ అన్న మాట బదులు సెండ్ ఈవెంట్ అని రాసి, ఫైలు పైన సెట్ కీ డిలే 80 పెట్టండి. కీకీ కీకీ మధ్య 80 మిల్లీసెకన్లు ఆగుతుంది.

బాణం సంగతికి ప్రోగ్రాం అక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో కీబోర్డు తెరిచి రిపీట్ డిలే తగ్గించండి, రిపీట్ రేటు పెంచండి. అయినా కదలకపోతే, వెంటవెంటనే పడే నొక్కుళ్లను పట్టించుకోని ఫిల్టర్ కీస్ అనే సెట్టింగు ఆన్ అయ్యిందేమో చూడండి. కుడివైపు షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు పట్టుకుంటే వచ్చే పెట్టెలో ఎవరో ‘యెస్’ (అవును) కొట్టి ఉంటారు.

ఆఫీసు కంప్యూటర్ కదా, ముందు ఓనరుగారికి చెప్పి ఎక్కించండి. మొదట ఐదు స్లాబులతో చూసుకోండి. వేలు రాత్రిపూట కూడా లాగుతుంటే డాక్టరుకి చూపించండమ్మా.