18 నిండాక అమ్మ సంతకం చెల్లదు

అడిగిన ప్రశ్న ఇది: "మా బాబుకు మేధో వైకల్యం. వచ్చే ఏడాది 18 నిండుతాయి. కన్నవాళ్లం మేముండగా గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ ఎందుకు? మా తర్వాత ఎలాగూ వాళ్లక్క చూసుకుంటుంది."

నేనూ అలాంటి ఒక అక్కనే. సర్టిఫికెట్ కావాలి. బిడ్డకు 18 నిండాయంటే, తల్లయినా తండ్రయినా బ్యాంకు లెక్కలో బయటివాళ్లే.

మా నాన్న తమ్ముడి పేరు మీద వాడి చిన్నప్పుడే ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు, గార్డియన్‌గా తనే సంతకం పెట్టి. దాని గడువు తీరేసరికి నాన్న లేరు, తమ్ముడికి ఇరవై దాటాయి. అమ్మ ఆధార్, డెత్ సర్టిఫికెట్, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ బ్యాంకుకు తీసుకెళ్లింది. కౌంటర్లో ఉన్నాయన సదరం కాగితం తీసి హాలంతా వినపడేలా చదివాడు, 75 శాతం అని. తమ్ముడి మొహం వెలిగిపోయింది. "75 శాతమా? ఫస్ట్ క్లాసే కదక్కా!" అన్నాడు. వెనక లైన్లో ఎవరో నవ్వారు. కౌంటర్లో ఆయన మాత్రం వాడి వైపు చూడనే లేదు. "ఇతను మేజర్ అమ్మా. మీ సంతకం చెల్లదు, ఇతని సంతకం మేం తీసుకోలేం. కోర్టు ఆర్డర్ తెండి" అని కవరు ఇవతలికి తోసేశాడు. "నేను కన్నతల్లిని బాబూ, ఇంకెవరి ఆర్డర్ కావాలి?" అని అమ్మ గొడవకు దిగింది. అరుపులు వింటే తమ్ముడికి టెన్షన్. టోకెన్ మెషీన్ దగ్గరకెళ్లి ఒకదాని వెంట ఒకటి టోకెన్లు లాగుతూ నిలబడ్డాడు. సెక్యూరిటీ అతను వాడి మీదా అరిచాడు. డబ్బు రాలేదు గానీ జేబు నిండా టోకెన్లతో ఇంటికొచ్చాం.

ఆ కోర్టు మాటే తప్పు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయిలో ఒక కమిటీ ఉంటుంది, కలెక్టర్ దానికి పెద్ద. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 18 దాటాక గార్డియన్‌ను ఆ కమిటీయే నియమించవచ్చు. ఆ సర్టిఫికెట్ చూసి ఖాతాలు తెరవొచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటర్లలో కూర్చునేవాళ్లలో నూటికి తొంభై మందికి ఈ సంగతి తెలియదని నేను పందెం కాస్తాను. లాయరుకు ఫీజు కట్టే ముందు మీ జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బంది ఒక్కటే ఉన్న పిల్లల్ని మాత్రం ఇందులోకి లాగకండి. వాళ్లు ఈ చట్టం కిందికి రారు, వాళ్లకు గార్డియన్ అవసరమూ లేదు.

కమిటీ ముందు కూర్చున్నప్పుడు కలెక్టర్ గారు తమ్ముణ్ణే అడిగారు, "ఎవరి దగ్గర ఉంటావు నాన్నా?" అని. "అమ్మ దగ్గర. అక్క కాఫీ తాగనివ్వదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా వాణ్ణి నేరుగా ఒక మాట అడిగిన మొదటి ఆఫీసరు ఆవిడే. 2016 వికలాంగుల హక్కుల చట్టమైతే గార్డియనూ ఆ మనిషీ ఒకరినొకరు నమ్మి కలిసి నిర్ణయం తీసుకోవాలంటుంది. మీ బాబును వెంట తీసుకెళ్లండి, వాడి జవాబులు మీరు చెప్పకండి.

గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో వాడి ఆస్తుల వివరాలు ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా లెక్కలు చూపాలి. మా ఇంట్లో సర్టిఫికెట్ అమ్మ పేరు మీద, లెక్కలు రాసేది నేను.

అసలు నేను ఇంత రాయడానికి కారణం మీ చివరి వాక్యం. వాళ్లక్క చూసుకుంటుందని ఎవరు తేల్చారు? మా ఇంట్లోనూ నన్నెవరూ అడగలేదు. పెళ్లిచూపుల్లో తమ్ముడి సంగతి ఎత్తొద్దని మా పిన్ని, వాడికే ఓ పెళ్లి చేసేస్తే బాగుపడతాడని మా పెద్దమామయ్య. ఒక్క ఆదివారం వాణ్ణి మా ఇంట్లో ఉంచుకుంటాం అన్నవాళ్లు మాత్రం లేరు. ప్రభుత్వం తీరూ బంధువుల తీరే. ఆంధ్రలో 2024 నుంచి దివ్యాంగుల పింఛను 6,000 చేశారు, సంతోషం. ఉద్యోగం చేసే నాకు వాణ్ణి చూసుకుంటున్నందుకు పన్ను కట్టాల్సిన ఆదాయంలో 75,000 మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. నాకూ అమ్మకూ ఒకేసారి జ్వరం వస్తే వాణ్ణి రెండు రోజులు నమ్మి వదిలే చోటు మా ఊళ్లో లేదు.

తమ్ముడితో ఉండటం నాకు ఇష్టమే. కానీ ఆ మాట నేను చెప్పాలి, మా నాన్న కాదు. మీ అమ్మాయి వయసెంతో మీరు రాయలేదు. అప్లికేషన్ నింపే ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. బెంగళూరులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటానంటే కోప్పడకుండా, ఇంకెవరున్నారో అప్పుడే వెతకండి. సరేనంటే బాబు సదరం కాగితం, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం ఏ బీరువాలో ఉన్నాయో ఆమెకు చూపించండి.